నాలుగు పేజీల పనికి 64 జీబీ బ్యాకప్పా?

ప్రశ్న: నేను అనువాదాలు చేస్తాను. రోజుకి నాలుగు పేజీలు టైప్ చేస్తే గొప్ప. నా మ్యాక్‌లో దానంతటదే బ్యాకప్ తీసే టైమ్ మెషీన్ మాత్రం గంటగంటకీ 64 జీబీ దాకా కాపీ చేస్తోంది. పాత మ్యాక్‌కి వాడిన 2 టీబీ డిస్కునే దీనికీ తగిలించాను. పోయిన ఏడాది చిత్తుప్రతి ఒకటి కావాల్సివచ్చి వెతికితే, అందులో నెల కిందటివి కూడా సరిగ్గా లేవు. ఆటోమేటిక్ బ్యాకప్ ఆపేసి నేనే కాపీ చేసుకుందామనుకుంటున్నాను. అన్నట్టు, విండోస్‌లో మాత్రమే నడిచే పాత నిఘంటువు కోసం వర్చువల్ మెషీన్‌ని, అంటే మ్యాక్ లోపలే విండోస్‌ని నడిపే ప్రోగ్రామ్‌ని, రోజంతా తెరిచే ఉంచుతాను.

జవాబు: దయచేసి ఆపకండి. మీరు ‘అన్నట్టు’ అంటూ చివర్లో చెప్పిన మాటలోనే కారణం ఉంది.

వర్చువల్ మెషీన్ తెర మీద ఒక పూర్తి కంప్యూటర్‌లా కనిపిస్తుంది కానీ, డిస్కు మీద అది చాలాసార్లు ఒకటే పెద్ద ఫైలు. మీరు ఒక్క పదం వెతికినా, ఏమీ వెతక్కుండా లోపలి విండోస్ తన పనుల చిట్టా తను రాసుకున్నా ఆ ఫైలు మారినట్టే. పాత పద్ధతిలో, అంటే మ్యాక్ ఓఎస్ ఎక్స్‌టెండెడ్‌గా ఫార్మాట్ అయిన డిస్కు మీద టైమ్ మెషీన్ ఫైల్లో ఎంత మారిందో చూడదు, మారిందా లేదా అనేదే చూస్తుంది. మారితే మొత్తం మళ్లీ కాపీ. ఫోల్డర్ పేరు మార్చినా అక్కడ అదే తంతు. పాత మ్యాక్ నుంచి వచ్చిన మీ డిస్కు కూడా అలాంటిదే అయ్యుండాలి.

లెక్క వేసి చూడండి. గంటకి 64 జీబీ చొప్పున 8 గంటల పనికి 512 జీబీ. గంటవారీ కాపీలు 24 గంటలే ఉంటాయి, తర్వాత నెల వరకు రోజుకొకటి, ఆపైన వారానికొకటి మిగులుతాయి. రోజుకొకటి లెక్కనే 30 రోజులకి 1,920 జీబీ. డిస్కు నిండగానే టైమ్ మెషీన్ అన్నిటికంటే పాత కాపీల నుంచి తీసేస్తూ వస్తుంది. మీ చిత్తుప్రతి పోయింది అలాగే.

నా మాట మీద నమ్మకం ఉంచక్కర్లేదు, మీరే చూడొచ్చు. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ యాప్‌కి సెట్టింగ్స్‌లో ఫుల్ డిస్క్ యాక్సెస్ (డిస్కంతా చదివే అనుమతి) ఇచ్చి, అందులో టీఎంయుటిల్ కంపేర్ (tmutil compare) అనే కమాండ్ నడపండి. చాలాసేపు పడుతుంది, ఓపిక పట్టండి. చివరి బ్యాకప్ తర్వాత కొత్తగా చేరిన ఫైళ్ల ముందు ప్లస్ గుర్తు, తీసేసినవాటి ముందు మైనస్, మారినవాటి ముందు ఆశ్చర్యార్థకం వస్తాయి. ఆశ్చర్యార్థకం ఉన్న వరసల్లో పెద్ద సైజు ఎక్కడుందో చూస్తే చాలు.

ఇక మందు. సెట్టింగ్స్‌లో టైమ్ మెషీన్ ఆప్షన్స్‌కి వెళ్లి, వర్చువల్ మెషీన్ ఫైలుని బ్యాకప్ నుంచి మినహాయించండి. కానీ అక్కడితో ఊరుకోవద్దు. నేను ఒకప్పుడు జాగా కలిసొస్తుందని మినహాయించి మరిచిపోయాను. డిస్కు పాడైనప్పుడు మిగతావన్నీ తిరిగొచ్చాయి, లోపలి విండోస్ డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న రెండేళ్ల లెక్కలు మాత్రం రాలేదు. ఆ బాధ మీకు వద్దు. మీరు రాసినవేవీ దాని లోపల దాచకండి, మ్యాక్ ఫోల్డర్లోనే సేవ్ చేయండి. వారానికోసారి వర్చువల్ మెషీన్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఆ ఫైలుని వేరే డిస్కుకి కాపీ చేయండి. నడుస్తుండగా తీసిన కాపీ తెరుచుకుంటుందన్న భరోసా లేదు.

వీలైతే బ్యాకప్‌కి కొత్త డిస్కు కొని, యాపిల్ కొత్త పద్ధతి అయిన ఏపీఎఫ్ఎస్‌గా (APFS) ఫార్మాట్ చేయండి. 2020లో వచ్చిన మ్యాక్ఓఎస్ బిగ్ సర్ నుంచి అలాంటి డిస్కు మీద టైమ్ మెషీన్ ఫైల్లో మారిన భాగాలనే కాపీ చేయగలదు. పాత డిస్కుని చెరిపేయకుండా పక్కన పెట్టండి.

విండోస్ వాడేవాళ్లకి ఇదే బెడద ఈమెయిల్ ప్రోగ్రామ్ ఔట్‌లుక్ వాడే పీఎస్‌టీ (PST) ఫైలుతో వస్తుంది. ఏళ్ల తరబడి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. దాన్ని మాత్రం జాగా కోసం మినహాయించకండి, పెద్ద డిస్కు కొనుక్కోవడమే మేలు.

మీ పాత మ్యాక్‌ని ఇంకా ఎవరికీ ఇచ్చేయకపోతే, పోయిన ఏడాది చిత్తుప్రతి అందులో ఉండొచ్చు. పైన చెప్పినవన్నీ తర్వాత చేసుకోవచ్చు, ముందు అది తెరిచి చూడండి.