వినిపిస్తుంది, కానీ అర్థం కాదు

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. "మాట వినిపిస్తోంది, ఏమన్నారో తెలియట్లేదు" అంటారు. గట్టిగా చెబితే "ఎందుకలా అరుస్తావ్" అని కోప్పడతారు. నేను రోజంతా ఇయర్‌ఫోన్స్‌తో పనిచేస్తాను. నాకూ ఇలాగే అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది డాక్టరుగారూ.

జవాబు: నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజమమ్మా. దయచేసి ఆయన పట్టించుకోవట్లేదనుకోకండి. వయసుతో సాధారణంగా ముందు తగ్గేది సన్నని, కీచు శబ్దాల వినికిడి. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. 'కాలు' అన్నా 'పాలు' అన్నా ఆయనకు ఒకేలా ఉండొచ్చు. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి తప్ప మాట తేటపడదు. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, మీ పెదవులు కనపడేలా నిదానంగా మాట్లాడండి.

ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. ఒక్కోసారి గులిమి తీస్తేనే సరిపోతుంది. కాకపోతే ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయిస్తారు. హియరింగ్ ఎయిడ్ అవసరమంటే వాయిదా వేయకండి. అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది, తొలిరోజుల చిరాకు చూసి డబ్బాలో పెట్టేయనివ్వకండి.

ఇక మీ సంగతి. శబ్దాన్ని పట్టుకునే, లోపలి చెవిలోని సూక్ష్మమైన రోమకణాలు ఒకసారి పోతే మళ్లీ పుట్టవు. 85 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలత) దగ్గర రోజుకు 8 గంటలు పరిమితి అనుకుంటే, 88 దగ్గర అది 4 గంటలే. బయటి రొద మీద వినాలని వాల్యూమ్ పెంచడమే అసలు ప్రమాదం. నాయిస్ క్యాన్సిలింగ్ (బయటి రొదను తగ్గించే ఏర్పాటు) ఉన్నవి వాడి, సౌండ్ తగ్గించండి. తీశాక చెవుల్లో గుయ్యిమంటుంటే ఆరోజు మోతాదు మించినట్టే.

ఎవరికైనా ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం మర్నాటిదాకా ఆగకండి, అది ఎమర్జెన్సీ.