లైనక్స్‌తో వేగలేక, వదల్లేక: మీ ఉత్తరాలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. ఏడీహెచ్‌డీ, ఆటిజం, డిస్లెక్సియా ఉన్నవాళ్లు, అంటే మెదడు పనిచేసే తీరు వేరుగా ఉన్నవాళ్లు, ఇప్పుడు న్యూరోడైవర్జెంట్ అంటున్నామే, వాళ్లు లైనక్స్‌తో (విండోస్ లాగా కంప్యూటర్‌ని నడిపించే వ్యవస్థ) రోజూ పడే అవస్థలు. నాకూ ఏడీహెచ్‌డీ ఉంది, చాలా ఏళ్లుగా లైనక్స్ మీదే పని చేసుకుంటున్నాను, కాబట్టి ఇవి నాకు ఒంటికి తెలిసిన కష్టాలే. డాక్టర్‌ని మాత్రం కాను. మందుల గురించి అడిగినవాళ్లు దయచేసి మీ డాక్టర్‌నే అడగండి.

ప్రశ్న: అక్కా, నాకు ఏడీహెచ్‌డీ అని తేలి రెండేళ్లయింది. లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు వాడతాను. మీటింగుల్లో బ్లూటూత్ హెడ్‌సెట్ సౌండ్ డబ్బాలోంచి వచ్చినట్టు వస్తోందని, మొన్న రాత్రి తొమ్మిదింటికి సరిచేద్దామని కూర్చున్నాను. పది నిమిషాల పని అనుకున్నా. తలెత్తి చూసేసరికి తెల్లవారుజామున మూడున్నర. ఈలోపు సౌండ్ సెట్టింగులు మార్చా, ఏవో ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ ముక్కలు) తీసేశా, ఎలాగూ కూర్చున్నాను కదా అని అప్‌డేట్లన్నీ వేశా, థీమ్ కూడా మార్చా. పొద్దున ఆన్ చేస్తే నల్ల స్క్రీన్. మధ్యాహ్నానికి ఇవ్వాల్సిన పని అందులోనే ఉంది. ఏమేం మార్చానో ఒక్కటీ గుర్తు లేదు. ఇలా కావడం ఇది మూడోసారి. లైనక్స్ నా బుర్రకి సరిపడదా?

జవాబు: ముందు సౌండ్ సంగతి చెప్తాను, ఎందుకంటే ఆరున్నర గంటలు నువ్వు పోరాడిన ఆ జబ్బు నీ కంప్యూటర్‌లో లేదు. బ్లూటూత్ హెడ్‌సెట్ రెండు రకాలుగా పనిచేస్తుంది. పాటలు వినేటప్పుడు ఏ2డీపీ అనే ప్రొఫైల్‌లో ఉంటుంది, సౌండ్ బాగుంటుంది గానీ మైకు పనిచెయ్యదు. మీటింగ్‌లో మైకు అడగ్గానే హెడ్‌సెట్ ప్రొఫైల్‌కి మారిపోతుంది, అప్పుడు మాట రెండు వైపులా మొయ్యాలి కాబట్టి నాణ్యత పడిపోతుంది. బ్లూటూత్ తయారైన తీరే అది. సౌండ్ సెట్టింగుల్లో ఇన్‌పుట్ దగ్గర హెడ్‌సెట్ మైకు తీసేసి ల్యాప్‌టాప్ మైకు పెట్టుకో, హెడ్‌సెట్‌ని ఏ2డీపీలో ఉంచు. సౌండ్ దానంతటదే బాగుపడుతుంది.

ఇక నల్ల స్క్రీన్. మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యకు, నీ ఫైళ్లు దాదాపుగా లోపల భద్రంగానే ఉంటాయి. అప్‌డేట్లతో పాటు కొత్త కెర్నల్, అంటే లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్, వస్తుంది. గ్రాఫిక్స్ కార్డుకి విడిగా డ్రైవర్ వేసుకున్నవాళ్ల దగ్గర ఆ డ్రైవర్ కూడా కొత్త కెర్నల్‌కి తగ్గట్టు మళ్లీ తయారవ్వాలి, ఆ పని మధ్యలో చెడితే స్క్రీన్ రాదు. ఎక్కువసార్లు కారణం ఇదే. ఉబుంటు పాత కెర్నల్‌ని కూడా అట్టేపెడుతుంది. ల్యాప్‌టాప్ ఆన్ చేసి, లోగో పోగానే ఎస్కేప్ కీ ఒక్కసారి నొక్కు. పదేపదే నొక్కితే గ్రబ్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ఆ మెనూ చూపించే ప్రోగ్రామ్) కమాండ్ లైన్‌లోకి పడిపోతావు, అది ఇంకో టెన్షన్. మెనూ వచ్చాక అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి కిందనున్న పాత కెర్నల్ ఎంచుకో. డెస్క్‌టాప్ వస్తే ముందు ఆ రోజు పని పంపించేసెయ్. రిపేరు తర్వాత.

ఏం మార్చావో నీకు గుర్తు లేకపోయినా దానికి గుర్తుంది. వార్ ఫోల్డర్‌లో లాగ్, అందులో ఆప్ట్, అందులో హిస్టరీ డాట్ లాగ్ అని ఒక ఫైలుంటుంది. ఏ రోజు ఎన్ని గంటలకు ఏ ప్యాకేజీ వేశావో, ఏది తీసేశావో వరసగా రాసి ఉంటుంది. నీ మొన్నటి రాత్రి మొత్తం అందులో కనబడుతుంది.

బుర్రకి సరిపడదా అన్నావు చూడు, అక్కడ నేను ఒప్పుకోను. ఏడీహెచ్‌డీలో తరచూ దెబ్బతినేది వర్కింగ్ మెమరీ, అంటే పని జరుగుతున్నంతసేపు మనసులో పట్టి ఉంచుకోవాల్సినది. దానికితోడు ఒకసారి మునిగితే టైమ్ తెలియదు. లైనక్స్ ఏమో ఎక్కడ చెయ్యి పెట్టినా మార్చనిస్తుంది, మార్చినదాన్ని గుర్తుపెట్టుకునే బాధ్యత మాత్రం పూర్తిగా మన నెత్తిన వేస్తుంది. మనకి బలం తక్కువున్న చోటే బరువు పెడుతుంది. అందుకని ఆ బరువుని తల్లోంచి తీసి బయట పెట్టాలి.

నా డెస్క్‌టాప్ మీద 'చేసినవి' అని ఒక మామూలు టెక్స్ట్ ఫైలుంది. ఏదైనా సరిచెయ్యడానికి కూర్చుంటే మొదటి లైనులో ఎందుకు కూర్చున్నానో రాస్తాను. పోయిన వారంది చూడు: "9:10, ప్రింటర్ కోసం కూర్చున్నా. 9:25, సెట్టింగ్ ఫైల్ కాపీ తీసి ఒక లైను మార్చా, తేడా లేదు, కాపీ తిరిగి పెట్టేశా. 9:40, ఫాంట్లు మార్చబోయాను, ఇది ప్రింటర్ కాదు, ఆపేశా." ఆ మూడో లైను రాయగలిగాను గనకే ఆ రాత్రి పదింటికి పడుకున్నాను. 'ఎలాగూ కూర్చున్నాను కదా' అని మనసు అనగానే చెయ్యి కీబోర్డు మీంచి తీసి ఫైల్లో మొదటి లైను చదువుకో. అలారం కంటే నాకు ఇదే పనిచేసింది, అలారాన్ని ఆపేసి మళ్లీ మునిగిపోయేదాన్ని.

ఇంకొకటి, టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ వేసుకో. ఏదన్నా కదిలించే ముందు దాంతో ఒక స్నాప్‌షాట్ తీస్తే, చెడిపోయినప్పుడు సిస్టమ్‌ని ఆ క్షణానికి వెనక్కి తిప్పుకోవచ్చు. నీ సొంత ఫైళ్లని మాత్రం అది మామూలుగా దాచదు, వాటి బ్యాకప్ వేరే తీసుకోవాలి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఉబుంటు తనంతట తానే వేసుకుంటుంది గనక అర్ధరాత్రి కూర్చుని అన్నీ వెయ్యాల్సిన తొందర లేదు. మర్నాడు ఇవ్వాల్సిన పనుంటే ఆ రాత్రి అసలు ముట్టుకోకు.

ప్రశ్న: మేడం, చిన్న విషయమే గానీ రోజూ ఏడిపిస్తోంది. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, పని చేస్తూ ఉంటే ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది, ఏ కీ నొక్కినా కదలదు. విండో మూసేసి మళ్లీ తెరుస్తాను. ఈలోపు ఏం చేస్తున్నానో మర్చిపోతాను.

జవాబు: చిన్న విషయం కాదండీ, తెగిన దారాన్ని మళ్లీ పట్టుకోవడానికి మనలాంటివాళ్లకి అరగంట పడుతుంది. సేవ్ చేసే అలవాటులో మీ వేలు కంట్రోల్‌తో పాటు ఎస్ నొక్కుతోంది. పాత కాలపు టెర్మినళ్లలో అక్షరాలు మరీ వేగంగా వచ్చిపడుతుంటే ఆపడానికి పెట్టిన సైగ అది, ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. కంట్రోల్, క్యూ కలిపి నొక్కండి, కదులుతుంది. ఏదీ పోదు. శాశ్వతంగా వదిలించుకోవాలంటే మీ హోమ్ ఫోల్డర్‌లో ఉన్న బాష్ ఆర్‌సీ ఫైలు చివర ఒక లైను చేర్చండి: ఎస్ టీ టీ వై, ఒక స్పేస్, మైనస్ గుర్తు, దాన్ని ఆనుకుని ఐ ఎక్స్ ఓ ఎన్. అన్నీ చిన్న అక్షరాలే.

ప్రశ్న: నమస్తే మేడం. మా తమ్ముడికి 19 ఏళ్లు, ఆటిజం ఉంది. కంప్యూటర్ అంటే ప్రాణం. పోయిన నెల నేనే వాడి లైనక్స్‌ని కొత్త వెర్షన్‌కి అప్‌గ్రేడ్ చేశాను, మంచిదే కదా అనుకున్నాను. ఐకాన్లు, రంగులు, విండోలు తెరుచుకునే తీరు అన్నీ మారాయి. వాడు రెండు రోజులు గదిలోంచి రాలేదు, కంప్యూటర్ ముట్టుకోలేదు. ఇంట్లో అందరూ మొండితనం అంటున్నారు. నాకేమో తప్పు చేశాననిపిస్తోంది.

జవాబు: మొండితనం కాదమ్మా. ఇంట్లోవాళ్లకి ఇది చదివి వినిపించు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5, అంటే మానసిక వైద్యులు రోగనిర్ధారణకి వాడే పుస్తకం, ఆటిజం లక్షణాల్లోనే ఈ సంగతి రాసింది: అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలనే గట్టి అవసరం, చిన్న మార్పుకే తీవ్రమైన బాధ. దీన్ని లోపలి నుంచి అర్థం చేసుకోవడానికి నాకు బాగా సాయపడింది మోనోట్రోపిజం అనే ఆలోచన. దీనా మర్రే, మైక్ లెసర్, వెన్ లాసన్ 2005లో రాసిన వ్యాసంలో దీన్ని వివరించారు. ఆటిజం ఉన్నవాళ్ల ధ్యాస ఒకేసారి పది వాటి మీద పలచగా పరుచుకోదు, ఒకటి రెండింటి మీద గాఢంగా ఉంటుంది. మీ తమ్ముడి ధ్యాస అంతా తను చేసే పని మీద ఉండేది, డెస్క్‌టాప్ అనేది ఒకటుందని కూడా గుర్తుండేది కాదు, చెయ్యి దానంతటదే వెళ్లేది. ఒక్క రాత్రిలో ప్రతి బటన్‌నీ వెతుక్కోవాల్సి వచ్చింది. చెప్పకుండా మన వంటగదిలో సామానంతా ఎవరో సర్దేసినట్టు.

తప్పు చేశావా అంటే, వాణ్ని అడక్కుండా చెయ్యడమే తప్పు, అప్‌గ్రేడ్ కాదు. ఆ మాట వాడితో సూటిగా చెప్పు: "నిన్ను అడక్కుండా మార్చాను, ఇంకెప్పుడూ చెయ్యను." ఆ తర్వాత పాత డెస్క్‌టాప్‌లో ఏది ఎక్కడుండేదో వాణ్నే అడిగి, ఒక్కొక్కటే వెనక్కి పెట్టండి. యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో యానిమేషన్లు ఆపేసే స్విచ్ ఉంటుంది. విండోలు ఎగిరొచ్చినట్టు తెరుచుకోవడం చాలామంది కళ్లకి గుచ్చుకుంటుంది, దాన్ని ముందు ఆపండి.

ఇకముందు సంగతి. ఉబుంటులో ఎల్‌టీఎస్ అనే వెర్షన్లు రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తాయి, ఒక్కోదానికి ఐదేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారు. 2024లో వచ్చిన 24.04కి 2029 వరకు ఉంటాయి. అంటే ప్రతి కొత్త వెర్షన్ వెనకా పరిగెత్తక్కర్లేదు. ఇంకా నెమ్మదిగా మారేది కావాలంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ చూడండి, ఏళ్ల తరబడి దాదాపు ఒకేలా ఉంటుంది. మార్చక తప్పని రోజు వచ్చినప్పుడు కొత్త వెర్షన్‌ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా దాన్నుంచే నడిపించి వాడికి చూపించండి. డిస్క్‌లో ఉన్నది చెక్కుచెదరదు. రోజుకో పది నిమిషాలు వాణ్నే తిరిగి చూడనివ్వండి, తేదీ కూడా వాణ్నే పెట్టనివ్వండి.

ప్రశ్న: నాకు డిస్లెక్సియా. సాయం అడిగితే "ముందు మాన్యువల్ చదువు" అంటారు. ఆ మ్యాన్ పేజీలు చూస్తే అక్షరాలు ఈదుతున్నట్టుంటాయి. అన్నీ వివరంగా రాసి అడిగితే "ఇంత పొడుగు ఎవడు చదువుతాడు" అంటారు. ఏది చేసినా తిట్లే. ఈసారి సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చెయ్యబోతే ఏదో లాక్ దొరకలేదని వచ్చింది, అడగాలంటేనే భయమేసింది.

జవాబు: ఈ ఉత్తరం చదివాక నాకు నిజంగా కోపం వచ్చింది, మీ మీద కాదు. చదవడమే కష్టమైన మనిషితో పోయి చదువుకో అనడం సాయం కాదు. ఈ దురుసుతనం లైనక్స్ లోకంలో పాతదే. కెర్నల్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ కూడా ఎన్నో ఏళ్లు ఈమెయిళ్లలో తోటివాళ్లని తిట్టిన మనిషే, 2018 సెప్టెంబర్‌లో బాహాటంగా క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. అదే నెల కెర్నల్ ప్రాజెక్టు కొత్త ప్రవర్తనా నియమావళిని పెట్టుకుంది. ఆయనే మారాలనుకున్నాడు, మిమ్మల్ని తిట్టినవాళ్లకి ఏ సాకూ లేదు.

మ్యాన్ పేజీ మొదటి నుంచి చివరిదాకా చదవడానికి రాసింది కాదు, నిఘంటువులా వెతుక్కోవడానికి. తెరిచాక స్లాష్ కొట్టి కావలసిన మాట టైప్ చేసి ఎంటర్ నొక్కండి, ఎన్ నొక్కితే తర్వాతి చోటికి వెళ్తుంది, క్యూ నొక్కితే బయటికి. టీఎల్‌డీఆర్ అని ఇంకో ప్రోగ్రామ్ ఉంది, ఒక్కో కమాండ్‌కి నాలుగైదు ఉదాహరణలు మాత్రమే చూపిస్తుంది. టెర్మినల్ అక్షరాల సైజు, లైన్ల మధ్య ఖాళీ పెంచుకోండి, కొంత ఈత తగ్గుతుంది. అడిగేటప్పుడు ఎర్రర్‌ని చూసి టైప్ చెయ్యకండి, మౌస్‌తో ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, సీ కలిపి నొక్కి కాపీ చెయ్యండి. షిఫ్ట్ లేకుండా నొక్కితే నడుస్తున్న ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఎర్రర్‌ని పైన పెట్టి, మిగతా కథ ఎంత పొడుగున్నా దాని కింద రాయండి.

మీ లాక్ సంగతి: వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోంది. ఒకేసారి ఇద్దరు చెయ్యి పెట్టకూడదని ప్యాకేజీల జాబితాకి అది తాళం వేసుకుంది. ఆ లాక్ ఫైలుని తీసేయమని ఎవరైనా చెప్తే వినకండి, జాబితా పాడయ్యే ప్రమాదముంది. పది పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే కంప్యూటర్ బలవంతంగా ఆపకుండా, ఆ ఎర్రర్‌ని కాపీ చేసి నాకే పంపండి, ఎంత పొడుగున్నా చదువుతాను.