నాన్నగారికి క్రికెట్ వినడానికి రేడియోనా, తెలుగు కామెంటరీనా?

అన్నా, ఆత్మకూరులో మీ నాన్నగారికి చూపు తగ్గింది, క్రికెట్ కబుర్లు వినాలంటున్నారు, ఎఫ్ఎం పెడితే పాటలే వస్తున్నాయి అన్నారు కదా. ప్రైవేట్ ఎఫ్ఎంల్లో ఆర్జేలు బాగానే మాట్లాడతారు గానీ వాళ్ళ పనే పాటలు, సరదా కబుర్లు, అక్కడ ఆట గురించి గంటసేపు మాట్లాడేవాళ్ళ కోసం వెతకద్దు.

టీవీలో తెలుగు కామెంటరీ ఉంది, స్టార్ స్పోర్ట్స్ తెలుగు 2018 నుంచి వస్తోంది. ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు లాంటోళ్ళు ఆడినోళ్ళు కాబట్టి ఫీల్డింగ్ ఎందుకు మార్చారు, ఈ బాల్ ఎందుకేశాడు అనేది బాగా చెప్తారు, నాకు ప్రసాద్ మాటే ఎక్కువ నచ్చుద్ది, కీపర్ కదా, స్టంప్స్ ఎనక నుంచి చూసినట్టుంటది. కానీ మనం బొమ్మ చూస్తున్నాం అనుకునే మాట్లాడతారు, బాల్ ఎటు పోయిందో చెప్పకుండా అబ్బా ఏం షాట్ అంటారు, పాపం చూపు లేని మనిషికి అదెట్టా అర్థమవుద్ది? ఆకాశవాణి కామెంటేటర్ అట్టా కాదు, రనప్ నుంచి బాల్ బౌండరీ దాటేదాకా అంతా మాటల్లోనే చూపిస్తాడు. కాకపోతే హిందీ, ఇంగ్లీషే, నాన్నగారికి హిందీ వస్తే మాత్రం కళ్ళు మూసుకుని ఇదే పెట్టండి.

ఆకాశవాణి కోసం రేడియోలో మీడియం వేవ్ (AM) పెట్టి విజయవాడ 837, చెన్నై 720 కిలోహెర్ట్జ్ పట్టి చూడండి, గరగర వస్తే సెట్టుని మెల్లగా పక్కకి తిప్పండి, దగ్గర్లో ఎల్ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్ ఉంటే తీసేయండి. ఫోన్ అయితే ఆకాశవాణి వాళ్ళ న్యూస్ఆన్ఎయిర్ యాప్, కామెంటరీ కాస్త లేటుగా వస్తది.