ఆకుపచ్చ టిక్ వచ్చింది కదా, డ్రాయింగ్ ఎందుకు తిరిగొచ్చింది?

ప్రశ్న: మాది చర్లపల్లిలో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. ఒక షెడ్డులో మెజనైన్ (మధ్య అంతస్తు) బీమ్‌ని కాలమ్‌కి కలపాలి. బీమ్ ఐఎస్ఎంబీ 300 (300 మి.మీ. ఎత్తున్న ఐ ఆకారపు స్టీల్ బీమ్). కాలమ్‌కి వెల్డ్ చేసిన 8 మి.మీ. ఫిన్ ప్లేటు (రెక్కలా బయటికొచ్చే ప్లేటు), ఒకే నిలువు వరుసలో మూడు ఎం20 బోల్టులు, 4.6 గ్రేడ్. బోల్టుకీ బోల్టుకీ 60 మి.మీ., కాలమ్ ముఖం నుంచి బోల్టుల వరుసకి 60 మి.మీ. భద్రతా గుణకం వేసిన షియర్ (కోత భారం) 120 కిలోన్యూటన్లు. ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో వేస్తే 88 శాతం అని ఆకుపచ్చ టిక్ వచ్చింది. కన్సల్టెంట్ మాత్రం "బోల్టులు ఫెయిల్" అని ఎర్ర పెన్నుతో రాసి వెనక్కి పంపారు. తప్పు టూల్‌దా, ఆయనదా?

జవాబు: రెండింటిదీ కాదు. టూల్‌లో "ఎక్సెంట్రిసిటీ" (భారం పడే చోటికీ, పట్టుకున్న చోటికీ మధ్య దూరం) అనే గడి ఒకటి ఉండి ఉంటుంది, దాంట్లో సున్నా అలాగే వదిలేసి ఉంటారు. అది సున్నా అయితే 88 శాతమే వస్తుంది, కావాలంటే కాగితం మీద వేసి చూడండి.

మన స్టీల్ కోడ్ ఐఎస్ 800:2007 ప్రకారం 4.6 గ్రేడ్ ఎం20 బోల్టు, మరలు (థ్రెడ్లు) కోత తలంలో, అంటే రెండు రేకులు కలిసేచోట పడితే, ఒక్కొక్కటి దాదాపు 45 కిలోన్యూటన్లు మోస్తుంది: బోల్టు స్టీలు బలం 400ని 1.732తో భాగించి, మరల దగ్గర వైశాల్యం 245తో గుణించి, భద్రతా గుణకం 1.25తో భాగించండి, అంతే. మూడింటికి 136. 120ని 136తో భాగిస్తే 88 శాతం. ఇంతవరకూ టూల్ చెప్పింది అక్షరాలా నిజం.

కానీ ఆ 120 బోల్టుల వరుస దగ్గర పని చేస్తోంది, ప్లేటు పట్టుకున్నది 60 మి.మీ. అవతల కాలమ్ ముఖం దగ్గర. 120ని 0.06తో గుణిస్తే 7.2 కిలోన్యూటన్ మీటర్ల మెలి వస్తుంది. ఫిన్ ప్లేటులో దీన్ని బోల్టుల మీద వేసి చెక్ చేయడమే మంచి అలవాటు, మీ కన్సల్టెంట్ చేసింది కూడా అదే అయి ఉండాలి. నడుమ బోల్టు మధ్యలో ఉంటుంది కాబట్టి దాని మీద మెలి పడదు, భారమంతా పైబోల్టు, కిందబోల్టు పంచుకుంటాయి, ఒక్కొక్కదాని మీద అడ్డంగా 60 కిలోన్యూటన్లు. నిలువుగా ఎలాగూ తలా 40 ఉంది. రెండింటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే 72. మోయగలిగింది 45. ఇక ఎర్ర పెన్ను కాక ఏం పెడతారు?

ఇప్పుడు 8.8 గ్రేడ్‌కి మారండి, బోల్టు బలం 90 దాటుతుంది, 72 హాయిగా సరిపోతుంది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు, మీరు ఆగకండి. బోల్టు గట్టిపడ్డాక బలహీనమైనది రంధ్రం చుట్టూ ఉన్న రేకు. రంధ్రం 22 మి.మీ., చివర దూరం (రంధ్రం మధ్య నుంచి అంచుకి) 40 పెడితే 8 మి.మీ. ప్లేటులో బేరింగ్ (రంధ్రం అంచు నలగకుండా మోసే భారం) 79 వస్తుంది, సరే. బీమ్ వెబ్ (మధ్యలో నిలువు రేకు) మాత్రం ఇంకా పలుచన, 7.5 అనుకుంటే 74. అంటే 72కి గట్టెక్కినట్టే, కానీ అంచున ఉంది. కట్టింగ్‌లో సర్దుకోవాలని ఆ 40ని 35 చేశారనుకోండి, మెషీన్‌తో కోసిన అంచుకి కోడ్ 33 వరకూ ఒప్పుకుంటుంది కాబట్టి ఎవరూ ఏమీ అనరు, కానీ వెబ్ బేరింగ్ 65కి పడిపోతుంది, జాయింట్ ఫెయిల్. అందుకే బోల్టు మారిస్తే బోల్టు లైన్ ఒక్కటే కాదు, బేరింగ్, బ్లాక్ షియర్ (బోల్టుల చుట్టూ రేకు ముక్కగా చిరగడం), ప్లేటు వంపు, వెల్డ్ అన్నీ మళ్లీ నడిపించండి.

ఇంకొకటి, టూల్ తెరిచినప్పుడు దాని డిఫాల్ట్ కోడ్ ఏదో చూసుకోండి. చాలా టూల్స్‌లో అమెరికా కోడో యూరోకోడో ముందే సెట్ అయి ఉంటుంది, కొన్నిట్లో మరలు కోత తలం బయట ఉన్నట్టు టిక్ పెట్టి ఉంటుంది. ఆ ఒక్క టిక్ వల్ల మీ బోల్టు 45 నుంచి 58 అయిపోతుంది. సైట్‌లో మరలు ఎక్కడ పడతాయో మీ ఫిట్టర్‌ని అడగండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో అమెరికా ప్రాజెక్టులకి స్టీల్ డీటెయిలింగ్ (షాపు డ్రాయింగులు గీయడం) చేస్తాం. షాపువాళ్లు పని తేలిక కావాలని చిన్న మార్పులు అడుగుతుంటారు. మారిన ముక్కకి మాత్రం ఆన్‌లైన్ లెక్క వేసి పంపితే చాలా?

జవాబు: చాలదు. కాన్సాస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్ సంగతి మీ ఆఫీసులో అందరికీ తెలిసే ఉండాలి, తెలియకపోతే ఈ ఒక్క కేసు చదివించండి. 1981 జులై 17న లాబీ పైన వేలాడే నడకదారులు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డ్రాయింగ్‌లో పైకప్పు నుంచి ఒకే పొడవాటి రాడ్డు నాలుగో అంతస్తు దారిని దాటి రెండో అంతస్తు దారి దాకా దిగుతుంది. అంత పొడవునా మరలు తిప్పడం ఇబ్బందని షాపు తరఫున రెండు రాడ్లుగా విడగొట్టారు. రాడ్డు సైజు మారలేదు, బీమూ మారలేదు, కాగితం మీద చూస్తే అదేం పెద్ద మార్పు? కానీ రెండో అంతస్తు దారి ఇప్పుడు నాలుగో అంతస్తు బీమ్‌కి వేలాడుతోంది, కాబట్టి ఆ బీమ్ కింది నట్టు మీద పడే భారం రెట్టింపు అయింది. తర్వాత జరిగిన విచారణలో మొదటి డిజైన్ కూడా నగర కోడ్ అడిగిన బలంలో 60 శాతమే అని తేలింది. ఇంజనీర్ల లైసెన్సులు పోయాయి.

ఆ నట్టుకి కాలిక్యులేటర్‌లో పాత భారమే వేస్తే అది పాత భారానికే లెక్క చెబుతుంది, రెట్టింపైందని దానికెలా తెలుస్తుంది? కాబట్టి మార్పు ఎంత చిన్నదైనా, భారం ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో ఒక బొమ్మ వేసి, అక్కడి కనెక్షన్ ఇంజనీర్‌కి రాతపూర్వకంగా పంపి, ఆయన ఒప్పుకున్నాకే షాపుకి ఇవ్వండి. టైమ్ లేదంటారు, టెన్షన్ పెడతారు, అయినా సరే.

ప్రశ్న: 6 మి.మీ. ఫిల్లెట్ వెల్డ్ (రెండు రేకులు కలిసే మూలలో వేసే వెల్డ్) షాపులో వేసినా సైట్‌లో వేసినా లెక్క ఒకటేనా? ఉచితంగా దొరికే మన కోడ్ టూల్ ఏదైనా ఉందా?

జవాబు: ఒకటి కాదు. ఐఎస్ 800 షాపు వెల్డ్‌కి 1.25, సైట్ వెల్డ్‌కి 1.5 భద్రతా గుణకం అడుగుతుంది. మామూలు 410 బలమున్న స్టీలుకి మి.మీ. పొడవుకి షాపులో సుమారు 795 న్యూటన్లు, సైట్‌లో 663. నిచ్చెన మీద నిలబడి, గాలికి, పైకి చూస్తూ వేసిన వెల్డ్‌కి ఆ తేడా న్యాయమే. ఈ ఎంపిక ఇవ్వని టూల్ అయితే దాని లోపల ఏ గుణకం ఉందో చేత్తో ఒక లెక్క వేసి తేల్చుకోండి.

ఉచితంగా కావాలంటే ఐఐటీ బాంబేలో తయారైన ఓస్‌డాగ్ ఉంది, ఐఎస్ 800:2007 ప్రకారమే నడుస్తుంది, ఫిన్ ప్లేటు, ఎండ్ ప్లేటు, క్లీట్ యాంగిల్ లాంటి కనెక్షన్లన్నీ చేస్తుంది. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఏ చెక్ ఎలా చేసిందో వరుసగా చూపే రిపోర్ట్ ఇస్తుంది. ఈసారి డ్రాయింగ్‌తో పాటు దాన్ని కూడా పంపండి, కన్సల్టెంట్‌కి మీరు ఏ విలువలు వేశారో కనబడుతుంది.