నీ విలన్‌కి ఏమిష్టమో రాయలేదు

అమ్మాయీ,

నువ్వు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి కూర్చుని ఏకబిగిన, రెండోసారి పొద్దున్నే పెన్సిలు పట్టుకుని. తల్లి పాత్ర చాలా బాగా వచ్చింది. రేషన్ షాపు దగ్గర ఆవిడ తూకం గురించి గొడవ పెట్టుకునే సీను చదువుతుంటే మా పిన్ని గుర్తొచ్చింది. ఆ సీను ఎవరు మార్చమన్నా మార్చకు.

నాకు ఇబ్బంది అనిపించింది విలన్ దగ్గరే. మొదటి సీన్లోనే తన సొంత మనిషిని కాల్చేస్తాడు. తర్వాతి సీన్లో చుట్ట వెలిగించి గట్టిగా నవ్వుతాడు. స్క్రిప్టు పూర్తయ్యేసరికి తొమ్మిది మందిని చంపాడు, లెక్కపెట్టాను. ఇంత చేసినా, కాగితాలు పక్కన పెట్టాక అతని మొహం నా కళ్ళముందుకి రాలేదు. పేరేమిటో మళ్ళీ వెనక్కి తిప్పి చూసుకున్నాను. అతను చేసే చెడ్డపనుల జాబితా నీ దగ్గర ఉంది. అతనికి ఏమిష్టమో మాత్రం ఎక్కడా రాయలేదు. ఈ ఉత్తరం అంతా ఆ ఒక్క విషయం గురించే.

1975లో ‘ముత్యాల ముగ్గు’ వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. బాపు గారి సినిమా, ముళ్ళపూడి వెంకటరమణ గారి మాటలు. రావు గోపాలరావు గారు కాంట్రాక్టరు. డబ్బిస్తే పచ్చని కాపురం కూల్చే పనికి కూడా కాంట్రాక్టు తీసుకునే రకం. తెల్లవారుతుంటే సూర్యుణ్ణి చూస్తాడు. పక్కనున్న ‘సెగట్రీ’ని పిలిచి, ఆకాశంలో మర్డరు జరిగినట్టు లేదూ అని మురిసిపోతాడు. సూర్యుడు అతనికి నెత్తుటి గడ్డలా కనిపిస్తాడు. ‘మడిసన్నాక కూసింత కలాపోసన ఉండాల’ అన్న మాట వచ్చేది అక్కడే.

ఆ సీను ఒకసారి విడదీసి చూడు. చేతిలో కత్తి లేదు. ఎవరినీ బెదిరించడం లేదు. మనందరం చూసే సూర్యోదయాన్నే చూస్తున్నాడు, మనలాగే ఆనందపడుతున్నాడు. కానీ అందం కళ్ళబడగానే అతని నోటికొచ్చిన పోలిక హత్య. అదే సూర్యుణ్ణి చూసి మీ అమ్మ కుంకుమబొట్టులా ఉంది అంటుంది. కుమ్మరి అయితే ఆవంలోంచి తీసిన కుండలా ఉంది అంటాడు. ఈ మనిషికి నెత్తురు తోచింది. ఆ ఒక్క పోలికతో అతని వృత్తి, మనసు, సరదా మూడూ తెలిసిపోయాయి. తర్వాత అన్న మాటేమో ఎవరూ కాదనలేనిది. మనిషికి కళాపోషణ ఉండాలి, నిజమే కదా. అంత మంచి మాట ఆ నోట్లోంచి రావడం వల్లే ఒళ్ళు జలదరిస్తుంది. యాభై ఏళ్ళయినా ఆ మాట జనం నోళ్ళలో నానుతూనే ఉంది. పెళ్ళిళ్ళలో, ఆఫీసుల్లో వాడేవాళ్ళలో చాలామందికి అది విలన్ డైలాగని కూడా గుర్తుండదు.

ఇంకా వెనక్కి వెళ్ళు. ‘పాతాళ భైరవి’, 1951. కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు గారి మాటలు. నేపాళ మాంత్రికుడుగా వేసిన ఎస్.వి. రంగారావు గారికి అప్పటికి 33 ఏళ్ళు కూడా నిండలేదు. ఆ కథ నడవడానికి కారణం మాంత్రికుడే, గమనించావా? రాకుమారిని పెళ్ళాడాలంటే తోటరాముడికి సంపద కావాలి. మాంత్రికుడికేమో అమ్మవారికి బలివ్వడానికి సాహసవంతుడైన కుర్రాడు కావాలి. ఒకరి అవసరం ఇంకొకరి అవసరాన్ని వెతుక్కుంటూ వచ్చింది. ‘సాహసం శాయరా డింభకా’ అంటున్నప్పుడు ఆ గొంతులో బెదిరింపు ఉండదు, ఊరింపు ఉంటుంది. శిష్యుణ్ణి ప్రోత్సహించే గురువులా పలుకుతాడు. థియేటర్లో పిల్లలు ఒకపక్క భయపడుతూనే ఇంటికెళ్ళి ఆ మాటే అన్నారంటే కారణం ఆ ఊరింపే.

చివరికి అతను ఎలా పడిపోయాడో చూడు. రాకుమారి కంటికి అందంగా కనపడాలన్న మోజుతో గడ్డం తీయించుకుంటాడు. శక్తంతా ఆ గడ్డంలోనే ఉంది. లోకాన్ని గడగడలాడించినవాడు ఒక ఆడపిల్లకి నచ్చాలన్న ఆశ దగ్గర ఓడిపోయాడు. ఈ ముగింపు బయటి నుంచి వచ్చింది కాదు, అతని ఇష్టంలోంచే పుట్టింది. నీ క్లైమాక్సులో గోడౌన్ ఎందుకు పేలిందో నాకు అర్థం కాలేదు. ఎవరి గోడౌన్ అయినా పేలుతుంది. నీ విలన్ ఒక్కడే పడిపోగలిగిన గొయ్యి ఏది? అది అతను దేన్ని వదులుకోలేడో అక్కడే ఉంటుంది.

మనవాళ్ళకి ఈ విషయం ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. దుర్యోధనుడి పద్యానికి వన్స్‌మోర్ కొట్టి మళ్ళీ పాడించుకున్న ఊళ్ళు మనవి. రావణుణ్ణి రావణబ్రహ్మ అని పిలుచుకున్నాం. 1961లో ‘సీతారామ కల్యాణం’ తీసినప్పుడు దానికి దర్శకత్వం వహించిన ఎన్.టి. రామారావు గారు తన కోసం ఎంచుకున్న వేషం రావణుడిదే. కైలాసాన్ని ఎత్తబోయిన పొగరూ, శివుడి కోసం గానం చేసిన భక్తీ ఆ ఒక్క మనిషిలోనే ఉన్నాయి. 1977లో ‘దాన వీర శూర కర్ణ’కి వచ్చేసరికి కృష్ణుడూ, కర్ణుడూ, దుర్యోధనుడూ ఆయనే. కుమారాస్త్ర విద్యా ప్రదర్శన సీను చూడు. కులం పేరుతో కర్ణుణ్ణి అందరూ తక్కువ చేస్తుంటే, ‘ఏమంటివి ఏమంటివి’ అంటూ లేచి నిలదీసేది దుర్యోధనుడు. అక్కడికక్కడే అంగరాజ్యం ఇస్తాడు. కొండవీటి వెంకటకవి గారు రాసిన ఆ మాటలు మైకుల్లో వింటూ తిరిగిన తరం నాది. సభలో అడగాల్సిన న్యాయమైన ప్రశ్న ఒక్కటే ఉంటే, అది ప్రతినాయకుడే అడిగాడు. చూసేవాడు ఆ క్షణంలో అతని పక్షాన నిలబడ్డాడు. తర్వాత అతను తప్పు చేసినప్పుడు, మనవాడే చేసినంత బాధ కలిగింది. ఆ బాధే లేకపోతే విలన్ చచ్చినా బతికినా మనకి ఒకటే.

నీ స్క్రిప్టులో విలన్ నోట ఒక్క న్యాయమైన మాట కూడా లేదు. ఒక్కటి ఇవ్వు.

ఇక భాష. నీ విలన్ ఏ ఊరివాడో నాకు తెలియలేదు. టీవీ వార్తల్లో చదివినట్టు మాట్లాడుతున్నాడు. 1985లో టి. కృష్ణ గారి ‘ప్రతిఘటన’ చూసినప్పుడు మంత్రి కాశయ్య మాట్లాడుతుంటే హాలంతా చెవులు నిక్కబొడుచుకుని విన్నారు. కోట శ్రీనివాసరావు గారు కృష్ణా జిల్లా కంకిపాడు మనిషి. స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసినవాడు. ఆయన తెలంగాణ యాసను పట్టుకుని, తమ్మీ అని ఆప్యాయంగా పిలుస్తూనే గొంతు కోసే రాజకీయ నాయకుణ్ణి నిలబెట్టారు. ఆ ఆప్యాయతలో సగం నిజం ఉందనిపిస్తుంది, అదే ఆ నటుడి గొప్ప.

ఇక్కడ ఒక మాట బాధతో చెప్పాలి. ఆ విజయం చూసి మనవాళ్ళు ఒక అలవాటు చేసుకున్నారు. హీరోకి పుస్తకాల భాష, విలన్‌కీ కమెడియన్‌కీ తెలంగాణ యాస. ఏళ్ళ తరబడి అదే నడిచింది. తమ ఇంట్లో అమ్మ మాట్లాడే భాష తెర మీద రౌడీ నోట మాత్రమే వినిపిస్తుంటే ఆ పిల్లల మనసు ఎంత గాయపడి ఉంటుందో ఆలోచించు. రాయలసీమ మాటకీ ఇదే గతి పట్టింది. సీమ అనగానే సుమోలూ, బాంబులూ. నువ్వు మాత్రం ఈ తప్పు చేయకు. విలన్‌కి యాస ఇస్తే, అదే యాసలో అతన్ని ఎదిరించే మనిషిని, జోల పాడే మనిషిని కూడా పెట్టు. అప్పుడది ఒక ఊరి భాష అవుతుంది.

మాటే లేకపోయినా విలన్ పండుతాడు, అదీ గుర్తుపెట్టుకో. 1989లో వచ్చిన రెండు సినిమాలు పక్కపక్కన పెట్టుకుని చూడు. ‘అంకుశం’లో రామిరెడ్డి గారు ‘స్పాట్ పెడతా’ అంటే చాలు, వెన్నులో చలి పుట్టేది. ‘శివ’లో రఘువరన్ గారి భవాని దీనికి పూర్తిగా వేరు. మనిషి కనపడకముందే పేరు వినపడుతుంది. కాలేజీలో, రోడ్డు మీద అందరూ ఆ పేరు తలుచుకుని జాగ్రత్తపడుతుంటారు. తీరా చూస్తే సన్నటి మనిషి, తగ్గు స్వరం. గదిలో మిగతావాళ్ళు అతని మొహం వైపు చూసి నోరు మూసుకుంటారు. భయం రాయడం అంటే అదీ. భయపెట్టేవాణ్ణి వర్ణించడం కన్నా, భయపడేవాళ్ళు ఎక్కడ కూర్చున్నారో, ఎప్పుడు లేచి నిలబడ్డారో రాస్తే ఎక్కువ పని జరుగుతుంది. నీ విలన్ గదిలోకి వచ్చినప్పుడు మిగతావాళ్ళు ఏం చేస్తున్నారో ఒక్కసారి కూడా రాయలేదు నువ్వు.

గొంతు సంగతి కూడా రాసేటప్పుడే ఆలోచించాలి. 2009లో ‘అరుంధతి’లో పశుపతిగా కనిపించింది సోనూ సూద్ గారు, వినిపించింది పి. రవిశంకర్ గారు. ‘వదల బొమ్మాళీ’ అన్న పిలుపులో దీర్ఘం ఎక్కడ పడిందో విను. పలకడానికి అనువుగా ఉన్న మాట కాబట్టి ఆ గొంతుకి అంత చోటు దొరికింది. డైలాగు రాశాక తలుపేసుకుని పైకి చదువు. ఊపిరి తీసుకునే చోటు లేకపోతే కొట్టేయ్.

సినిమాలు చాలనుకో. నేను చూసిన మనిషి గురించి చెబుతాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఇంటికి ఒక పెద్దమనిషి అప్పు వసూలుకి వచ్చేవాడు. పేరు రాయను. తెల్లటి పంచె, భుజాన కండువా. అరుగు మీద కూర్చోబోయే ముందు కండువాతో రెండుసార్లు దుమ్ము దులిపేవాడు. మాకు బత్తాయిలు తెచ్చేవాడు. తొక్క తెగకుండా ఒకే చుట్టగా ఒలిచి, తొనలు లెక్కపెట్టి నాకూ తమ్ముడికీ సమానంగా పంచేవాడు. ఎక్కం అప్పజెప్పమనేవాడు. తప్పు చెబితే నవ్వి సరిచేసేవాడు. ఒక్కరోజూ గొంతు పెంచలేదు. ఆయన వచ్చినరోజు మా అమ్మ వంటింట్లోంచి బయటికి రాదు, మా నాన్న అరుగు మీద కూర్చోడు, స్తంభానికి ఆనుకుని నిలబడతాడు. ఎందుకో నాకప్పట్లో తెలియదు.

ఒక వేసవిలో వచ్చి, బాకీ కింద మా ఆవును విప్పుకుపోయాడు. వీధి మలుపు దాకా వెళ్ళినవాడు ఆగి, వెనక్కి వచ్చాడు. మా అమ్మ మొహంలో ఆశ కనపడింది నాకు. ఆయన దూడ తల నిమిరి, ‘తల్లి లేకపోతే పాపం ఇది బెంగ పెట్టుకుంటుందమ్మా’ అని దాన్ని కూడా విప్పుకుని వెళ్ళాడు.

ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు, నాకు ఆ సంగతి ఇప్పటికీ ఖాయంగా తెలుసు. దూడ మీద జాలి నిజం. మా కొట్టం ఖాళీ అవడమూ నిజం. రెండూ ఆయనలో ఒకదానికొకటి అడ్డు రాలేదు. నలభై ఏళ్ళుగా రాస్తున్నాను, ఆ మాటకి సాటి వచ్చే విలన్ డైలాగు నేనింకా రాయలేకపోయాను.

నువ్వు ఫోన్లో మాట్లాడినప్పుడు మీ వీధిలో చీటీలు నడిపి జనం డబ్బు ముంచిన ఒకాయన గురించి చెప్పావు గుర్తుందా? వినాయక చవితికి విగ్రహం ఖర్చంతా ఆయనే పెట్టుకునేవాడన్నావు. ప్రసాదం తనే స్వయంగా వడ్డించేవాడనీ, ముసలివాళ్ళకి పులిహోర కారం తగ్గించి విడిగా చేయించేవాడనీ చెప్పావు. ఆ మాట చెబుతున్నప్పుడు నీ గొంతు మారింది, అవతల నుంచి నాకు తెలిసింది. నీ విలన్ ఆయన కదా. మరి ఆ తుపాకీ ఎక్కణ్ణుంచి వచ్చింది?

మొదటి సీను తీసేయ్. తొమ్మిది చావుల్లో ఒక్కటి ఉంచు, అదీ మనం చూడనక్కర్లేదు. పందిట్లో పులిహోర వడ్డిస్తున్న ఆయనతో మొదలుపెట్టు. మీ అమ్మలాంటి ఒకావిడ ఆకు ముందు కూర్చుని చీటీ డబ్బు సంగతి అడుగుదామా వద్దా అని చూస్తూ ఉండాలి. ఆయన ఆవిడ పేరు పెట్టి పలకరించి, ఇంకొంచెం వేస్తాడు. ఆవిడ తలెత్తదు.

అక్కణ్ణుంచి రాసి పంపు. సంక్రాంతి లోపు పంపితే పండక్కి ఇంట్లోనే ఉంటాను, తీరిగ్గా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు