కాల్పుల వార్త వచ్చిన రోజు గదిలో ఒంటరిగా ఉండకు

ప్రశ్న: అన్నయ్యా, మాది గాజువాక. ఆగస్టులో ఎమ్మెస్‌కి మిషిగన్ వెళ్తున్నాను. వీసా కూడా అయింది. క్యాంపస్‌ కాల్పుల వార్తలు టీవీలో చూసినప్పటి నుంచి అమ్మకి ఒకటే టెన్షన్. నాన్నగారు ఇక్కడే ఉద్యోగం చూసుకోమంటున్నారు. వాళ్లకి ఏం చెప్పాలి?

జవాబు: తమ్ముడూ, అమ్మగారి భయాన్ని కొట్టిపారేయకు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలోనే 2023 ఫిబ్రవరి 13 రాత్రి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. అయితే అమెరికాలో కాలేజీలు వేలల్లో ఉన్నాయి. నువ్వు చదివే చోట, నువ్వున్నప్పుడే అలాంటిది జరిగే అవకాశం చాలా తక్కువ. ఎక్కడో ఒకచోట జరగడం, ఆ వార్త నీ గదిలోకి రావడం మాత్రం ఖాయం. దానికి నువ్వు సిద్ధంగా ఉన్నావా అన్నదే నా బెంగ.

2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో కాల్పులు జరిగినప్పుడు నేను టెక్సాస్‌లో మొదటి ఏడాది చదువుతున్నాను. కాల్పులు జరిపిన కుర్రాడు 32 మందిని చంపి తనూ కాల్చుకున్నాడు. అతని పేరు నేను ఇప్పటికీ పలకను. చనిపోయినవాళ్లలో తమిళనాడు నుంచి వచ్చి స్థిరపడిన ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్ గారు, ముంబయి నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఉన్నారు. అక్కడి నోరిస్ హాల్ అనే క్లాసుల భవనంలో కాల్పులు మొదలయ్యేసరికి మనకి సాయంత్రం ఏడు దాటింది. విశాఖ సీతమ్మధారలో మావాళ్లు టీవీ ముందు కూర్చునే వేళ. వర్జీనియా ఎక్కడ, నేనెక్కడ అనుకుని ఇంటికి ఫోన్ చేయలేదు. డబ్బు పెట్టి కొన్న కాలింగ్ కార్డు నిమిషాలు నెలాఖరు దాకా రావాలన్న లెక్క కూడా ఉంది. మా అమ్మకేమో అమెరికా అంతా ఒకటే ఊరు. మృతుల్లో భారతీయులు అని టీవీలో వస్తుంటే రాత్రంతా తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసిందట. నాన్న తెల్లారేసరికి ద్వారకానగర్ వెళ్లి, నన్ను పంపిన కన్సల్టెన్సీ మెట్ల మీద కూర్చున్నారట. శనివారం తీరిగ్గా ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది నాకు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. ఆ వారమంతా తలుపేసుకుని టీవీ చూశాను. తొలి గంటల్లో చెప్పినవాటిలో ఎన్నో తప్పులు. చంపింది చైనా నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చినవాడని ఒక పత్రిక రాసేసింది. చివరికి చూస్తే, దక్షిణ కొరియాలో పుట్టి, చిన్నప్పుడే అమ్మానాన్నలతో వచ్చినవాడు. బుధవారం నాటికి, అతను పోస్టులో పంపిన వీడియోలు ఎన్‌బీసీ చూపించింది. మిగతా ఛానళ్లూ అందుకున్నాయి. కన్నవాళ్ల కడుపుకోత ఒకపక్క, ఆ ముఖం తెరనిండా ఒకపక్క. బాధిత కుటుంబాల్లో కొందరు మండిపడి ఎన్‌బీసీకి ఇంటర్వ్యూలు ఇచ్చేది లేదన్నాక ఛానళ్లు తగ్గాయి. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను. క్లాసులు మానేశాను, వంట మానేశాను, నిద్ర లేదు. చివరికి శ్రీకాకుళం సీనియర్ ఒకాయన వచ్చి టీవీ ఆపేసి, తన అపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్లి పప్పుచారు అన్నం పెట్టారు. ఆయన రాకపోతే ఆ సెమిస్టర్ పోయేదే.

అదే వారం మా ల్యాబ్‌లో కొరియా అబ్బాయి ఒక్కడే కూర్చుని తినేవాడు. తమ మీద ఎవరు పడతారోనని అక్కడి కొరియన్లు హడలిపోయారు. వాళ్ల దేశాధ్యక్షుడు రో మూ హ్యూన్ స్వయంగా సంతాపం ప్రకటించారు. నేను వెళ్లి అతని పక్కన కూర్చోవలసింది. కూర్చోలేదు. 2016లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌ని చంపింది మన దేశంవాడేనని తెలిసినరోజు మా ఆఫీసులో మనవాళ్ల ముఖాలు చూశాక గాని ఆ కొరియా అబ్బాయి బాధ నాకు పూర్తిగా అర్థం కాలేదు.

ఇన్నేళ్లలో ఎవరి సాయం అడగకుండా ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు అన్నీ చూసుకున్నాను. డబ్బు ఇబ్బందులు ఎలాగోలా తీరతాయి. ఒంటరితనమే మనిషిని తినేస్తుంది. మీ తరానికి వాట్సాప్ ఉంది, మా పాట్లు మీకు తెలియవు. కానీ ఫోన్ చేతిలో ఉంటే మనుషులు పక్కన ఉన్నట్టే అనుకుంటున్నారు మీరు. అద్దె తక్కువని ఊరి చివర ఒక్కడివే గది తీసుకోకు. కలిసి వండుకుని తినే రూమ్మేట్లని ఇక్కడి నుంచే చూసుకో. పక్క ల్యాబ్‌లో ఎవరైనా నాలుగు రోజులు కనపడకపోతే వెళ్లి తలుపు కొట్టు.

యూనివర్సిటీ అలర్ట్ మెసేజ్‌లకి దిగిన రోజే నీ నంబరు ఇవ్వు. కాల్పులు జరుగుతుంటే ముందు పరుగెత్తమంటారు, కుదరకపోతే దాక్కోమంటారు, వేరే దారి లేకపోతేనే తిరగబడమంటారు. ఆ వివరాలు, కౌన్సెలింగ్ సెంటర్ టైమింగ్స్ వాళ్ల సైట్‌లోనే ఉంటాయి, చూసుకో.

నాన్నగారికి రూమ్మేట్ నంబరు కూడా ఇచ్చి వెళ్లు. అలాంటి వార్త వస్తే అది నీ ఊరైనా కాకపోయినా ముందు నువ్వే ‘బాగున్నాను’ అని మెసేజ్ పెట్టాలి. నీ నుంచి రాకపోతే ఆయనా మెసేజే పెట్టాలి, ఫోన్ చేయకూడదు. దాక్కున్న చోట ఫోన్ మోగితే ప్రమాదం. ఈ మాట బయల్దేరేముందు అమ్మగారికి కూడా నువ్వే కూర్చోబెట్టి చెప్పు.