టెక్ సందేహాలు: సిస్టమ్ పోయింది, జిప్ ఫైళ్లు మిగిలాయి

ప్రశ్న: మాది తెనాలి. పదేళ్లకు పైగా వాడిన విండోస్ 7 డెస్క్‌టాప్ ఉన్నట్టుండి ఆన్ అవ్వడం మానేసింది. మదర్‌బోర్డు పోయిందన్నాడు షాపు అబ్బాయి. మావాడు ఎప్పుడో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి బ్యాకప్ పెట్టి వెళ్లాడు, వారం వారం దానంతటదే అయ్యేది. ఇప్పుడు విండోస్ 11 ల్యాప్‌టాప్ కొని ఆ డిస్క్ తగిలిస్తే ఫొటోలేవీ కనపడటం లేదు. తేదీల పేర్లతో ఫోల్డర్లు, వాటి నిండా ‘బ్యాకప్ ఫైల్స్ 1’, ‘బ్యాకప్ ఫైల్స్ 2’ అంటూ జిప్ ఫైళ్లు. అన్నిటికన్నా కొత్త తేదీ ఉన్న ఫోల్డర్ విప్పి చూస్తే పదో పదిహేనో ఫైళ్లు వచ్చాయి. మిగతావి పోయినట్టేనా? అమ్మాయి పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: పోలేదండీ. ఆ జిప్‌లను ఒక్కొక్కటీ విప్పడం మాత్రం ఇక్కడితో ఆపేయండి. డిస్క్‌లో ఏదీ డిలీట్ చేయొద్దు.

విండోస్ 7 బ్యాకప్ మొదటిసారి అన్ని ఫైళ్లనూ తీసుకుని, సుమారు 200 ఎంబీ చొప్పున జిప్‌లుగా కట్టి దాస్తుంది. రెండో వారం నుంచి కొత్తగా చేరినవి, మారినవి మాత్రమే తీసుకుని ఇంకో తేదీ ఫోల్డర్‌లో పెడుతుంది. అందుకే మీరు తెరిచిన చివరి ఫోల్డర్‌లో ఆ పదిహేను ఫైళ్లే ఉన్నాయి. అవి చివరి వారం సరుకు. పెళ్లి ఫొటోలు పాత తేదీల ఫోల్డర్లలో ఉండాలి. ‘కొత్త బ్యాకప్ ఉందిగా, పాతవెందుకు’ అనుకుని ఆ పాత ఫోల్డర్లనే చెత్త కింద తీసేసినవాళ్లు నాకు తెలుసు. మీరు ఆ పని చేయకముందే ఉత్తరం రాశారు, సంతోషం.

జిప్‌లన్నీ చేత్తో విప్పినా ఫొటోలు వస్తాయి గానీ, ఒకే ఫైలు నాలుగైదు తేదీల్లో నాలుగైదు రకాలుగా కనపడుతుంది. ఏది ఆఖరిదో తేల్చుకోవడం పెద్ద పని. ఒక జిప్‌లో పట్టని పెద్ద వీడియోలైతే రెండు మూడు జిప్‌ల్లో ముక్కలై ఉంటాయి, విడివిడిగా తీస్తే ఆడవు. ఆ ముక్కలు ఎలా అతకాలో బ్యాకప్ చేసిన ప్రోగ్రామ్‌కే తెలుసు. ఆ ప్రోగ్రామ్ మీ కొత్త ల్యాప్‌టాప్‌లోనూ ఉంది. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14నే సెలవు చెప్పినా, దాని బ్యాకప్ పద్ధతిని మాత్రం విండోస్ 11లోనూ ఉంచింది. కంట్రోల్ ప్యానెల్‌లో ఓ మూలన ‘బ్యాకప్ అండ్ రిస్టోర్ (విండోస్ 7)’ అనే పేరుతో కూర్చుని ఉంటుంది.

అది తెరిస్తే ఈ కంప్యూటర్‌లో బ్యాకప్ ఏదీ పెట్టలేదని చెబుతుంది. కొత్తది కదా, నిజమే చెబుతోంది. కంగారు పడకుండా కింద ‘సెలెక్ట్ అనదర్ బ్యాకప్ టు రిస్టోర్ ఫైల్స్ ఫ్రమ్’ అనే లైను నొక్కండి. మీ ఎక్స్‌టర్నల్ డిస్క్, అందులో పాత సిస్టమ్ పేరు, తేదీ కనిపిస్తాయి. అది ఎంచుకుని ‘బ్రౌజ్ ఫర్ ఫోల్డర్స్’లోంచి కావలసిన ఫోల్డర్లు చేర్చుకోండి. డిస్క్ కనపడకపోతే బ్యాకప్ ఫోల్డర్‌ని ఎవరైనా ఇంకో ఫోల్డర్‌లోకి జరిపారేమో, పేరు మార్చారేమో చూడండి. డిస్క్ తెరవగానే కనపడే చోట, పాత సిస్టమ్ పేరుతోనే ఉండాలది.

ఆఖరి స్క్రీన్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఫైళ్లు ‘ఒరిజినల్ లొకేషన్’లో పెట్టాలా, వేరే చోటనా అని అడుగుతుంది. వేరే చోట అనే చెప్పండి. నేను ఒకసారి ఆలోచించకుండా ఒరిజినల్ అన్నాను. కొత్త సిస్టమ్‌లో నా యూజర్ పేరు వేరు కావడంతో సీ డ్రైవ్‌లో పాత పేరుతో ఓ దయ్యపు ఫోల్డర్ పుట్టి, ఫైళ్లన్నీ అందులోకి పోయాయి. నేనేమో డాక్యుమెంట్స్ తెరిచి ఖాళీగా ఉందేంటని పూటంతా వెతుక్కున్నాను. డెస్క్‌టాప్ మీద ‘పాతవి’ అని ఫోల్డర్ చేసి అందులోకి తెప్పించుకోండి. సబ్‌ఫోల్డర్లు యథాతథంగా ఉంచమనే గడిలో టిక్ పెట్టడం మరవొద్దు. లేకపోతే వేల ఫొటోలు ఒకే కుప్పగా పడతాయి.

ఇంత చేశాక కూడా పెళ్లి ఫొటోలు దొరక్కపోతే నాకు ఒక అనుమానం ఉంది. మన దగ్గర సిస్టమ్ అసెంబుల్ చేసిన ప్రతి అబ్బాయీ హార్డ్‌డిస్క్‌ని సీ, డీ, ఈ అని ముక్కలు చేసి ‘ముఖ్యమైనవి డీలో పెట్టుకోండి మేడం, ఫార్మాట్ కొట్టినా పోవు’ అని చెప్పి వెళ్తాడు. సలహా మంచిదే. కానీ బ్యాకప్ పెట్టేటప్పుడు ‘విండోస్‌నే ఎంచుకోనివ్వు’ అని వదిలేస్తే అది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి మామూలు చోట్లే తీసుకుంటుంది. డీ డ్రైవ్‌లో మీరు చేసుకున్న ఫోల్డర్ జోలికి పోదు. అంటే ముఖ్యమైనవి ఉన్నచోటే బ్యాకప్ లేనట్టు.

అలా జరిగినా దారి ఉంది. పోయింది మదర్‌బోర్డు, హార్డ్‌డిస్క్ కాదు. పాత సీపీయూని పాత సామాన్ల వాడికి ఇచ్చేయకండి. అందులోంచి డిస్క్ తీయించి, దాన్ని ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టుకి కలిపే ‘సాటా టు యూఎస్‌బీ’ కేబుల్ కొనండి. డెస్క్‌టాప్ డిస్క్ పెద్దది, మూడున్నర అంగుళాలది. దానికి 12 వోల్టుల కరెంటు కావాలి, యూఎస్‌బీ ఇచ్చేది చాలదు. కాబట్టి పవర్ అడాప్టర్ కూడా ఉన్న కేబులే అడగండి. ల్యాప్‌టాప్‌ల్లోని రెండున్నర అంగుళాల డిస్క్‌కైతే ఆ అవసరం లేదు.

తగిలించాక పాత డీ డ్రైవ్ ఇక్కడ ఈ అనో ఎఫ్ అనో కనిపిస్తుంది. ఫోల్డర్ తెరవబోతే పర్మిషన్ లేదంటే ‘కంటిన్యూ’ నొక్కి ఆగండి, ఫైళ్లు ఎక్కువుంటే చాలాసేపు పడుతుంది. ‘ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి’ అని అడిగితే మాత్రం ‘క్యాన్సిల్’. డిస్క్ లోపల టిక్ టిక్ మని చప్పుడు వస్తే వెంటనే కేబుల్ పీకేయండి. తిరిగిన కొద్దీ ఇంకా పాడవుతుంది. ఇక రికవరీ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లడమే. ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టమనే వీడియోలు చూసి మోసపోవద్దు, లోపల చెమ్మ చేరితే ఉన్నదీ పోతుంది.

ఇంకో మాట. ఆ బ్యాకప్‌లో ఫైళ్లే తప్ప ప్రోగ్రాములు రావు. ఎంఎస్ ఆఫీస్, ట్యాలీ లాంటివి కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవలసిందే.

ప్రశ్న: వరంగల్‌లో మాది చిన్న శుభలేఖల ప్రెస్. పాత సిస్టమ్ కాలిపోతే హార్డ్‌డిస్క్‌లోంచి, కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ కొత్తదాంట్లోకి కాపీ చేశాం. తెరిస్తే తెలుగు బదులు ఏవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఫైళ్లు కరప్ట్ అయ్యాయా?

జవాబు: ఫైళ్లు శుభ్రంగా ఉన్నాయి, ఫాంట్లే రాలేదు. మీరు వాడేది అను ఫాంట్లే అయి ఉంటుంది. అవి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ విడిగా ఓ నంబరు ఇచ్చే పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. కంప్యూటర్ లెక్కలో మీరు టైపు చేసిన ‘చి.ల.సౌ.’ తెలుగే కాదు, పైన ఆ ఫాంట్ తొడుక్కుంటేనే తెలుగులా కనిపిస్తుంది. ఆ ముసుగు తీసిన రూపమే ఇప్పుడు మీరు చూస్తున్నది.

పాత డిస్క్ ఇంకా చేతిలో ఉంటే సీ డ్రైవ్‌లో విండోస్, అందులో ఫాంట్స్ ఫోల్డర్ తెరిచి అను ఫాంట్లు తెచ్చుకుని కొత్తదాంట్లో ఇన్‌స్టాల్ చేయండి. టైపు చేయడానికి కీబోర్డు ప్రోగ్రామ్ కూడా కావాలి, అది కాపీ చేస్తే రాదు, మీరు కొన్న సీడీతో ఎక్కించాలి. పేజ్‌మేకర్ ఫైలుతో పాటు ఆ కార్డులో వాడిన దేవుడి బొమ్మలు, బార్డర్లు ఉన్న ఫోల్డర్ కూడా తెచ్చారో లేదో చూడండి. పెద్ద బొమ్మలు ఫైల్లో ఉండవు, ఎక్కడున్నాయనే గుర్తు మాత్రమే ఉంటుంది. బొమ్మ దొరక్కపోతే స్క్రీన్ మీద బాగానే కనిపించి ప్రింట్‌లో మసకగా వస్తుంది.

మీరు అడగకపోయినా చెబుతాను. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7, అది వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ తెలుగు అర్థం కాదు. ఇవాళ అది కొత్త విండోస్‌లో నడిచినా, ఎన్నాళ్లు నడుస్తుందో చెప్పలేం. ఎక్కువగా తిరగరాసే కార్డుల మ్యాటర్‌ని అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటితో మార్చి పెట్టుకోండి. వత్తులు అక్కడక్కడా తేడాగా పడతాయి, ముహూర్తం తేదీలు, ఇంటిపేర్లు తప్పక ఒకసారి చదవండి. రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అను ఫాంట్లలో ఉన్నంత వెరైటీ ఇంకా లేదని మీలాంటివాళ్లు అంటారు, ఆ మాట కొంత నిజమే.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం. చార్జింగ్ మీద ఉండగా నా ల్యాప్‌టాప్ చచ్చిపోయింది. లోపలి ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు ఉండేది) తీసి కొత్తదానికి తగిలిస్తే తాళం బొమ్మ చూపించి 48 అంకెల కీ అడుగుతోంది. నేను అలాంటి పాస్‌వర్డ్ ఎప్పుడూ పెట్టలేదు!

జవాబు: మీరు పెట్టలేదు, విండోసే పెట్టింది. అది బిట్‌లాకర్. ఈమధ్య ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లాగిన్ అవ్వగానే డిస్క్‌కి తాళం పడుతుంది, తాళంచెవి ఆ అకౌంట్‌లో దాస్తుంది. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి మీ డివైస్‌ల దగ్గర రికవరీ కీ వెతకండి. ఒకటికి మించి ఉంటే, స్క్రీన్ మీద కనపడే కీ ఐడీలోని మొదటి 8 అక్షరాలతో పోల్చి చూసుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మీ ఐటీ టీమ్ దగ్గర ఉంటుంది. కీ ఎక్కడా లేకపోతే ఆ డేటా రాదు. డబ్బిస్తే తాళం పగలగొడతాననే వాళ్లకి రూపాయి కూడా ఇవ్వకండి.

ప్రశ్న: పాత బ్యాకప్ 300 జీబీ కొత్త సిస్టమ్‌లోకి కాపీ పెడితే రెండున్నర గంటలంటోంది. మామూలేనా?

జవాబు: యూఎస్‌బీ 2.0 పోర్టుకైతే మామూలే, సెకనుకి 30–35 ఎంబీ మించి రాదు. నీలం రంగు ఉన్న పోర్టులో గుచ్చి చూడండి, అది చాలావరకు 3.0 అయి ఉంటుంది. డిస్క్ కేబుల్ కూడా 3.0దే కావాలి. లక్షల చిన్న ఫైళ్లుంటే ఎందులో పెట్టినా నత్తనడకే. చార్జర్ పెట్టి, స్లీప్ ఆపి, మూత మూయకుండా వదిలేసి భోజనం చేసి రండి.